ఒక ఎక్స్‌రేలో రెండు వేర్లు, ఇంకో ఎక్స్‌రేలో మూడు: దవడ పన్నుకు అసలు ఎన్ని వేర్లు ఉన్నట్టు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మగారి వయస్సు అరవై దాటింది. కింది దవడలో కుడి వైపున ఉన్న మొదటి పెద్ద దవడ పన్నుకు, అంటే దంత వైద్యులు 46 అని రాసే పన్నుకు, కొన్నేళ్ళ క్రితం మా ఊరికి దగ్గరలో ఉన్న పట్టణంలో రూట్ కెనాల్ చికిత్స చేయించి క్యాప్ వేయించాము. అప్పుడు నొప్పి పూర్తిగా తగ్గిపోయింది. ఈ మధ్య ఆ వైపు గట్టి పదార్థం నమిలితే నొప్పిగా ఉంటోందనీ, పన్ను దగ్గర చిగురు మీద చిన్న పొక్కు లేచి, చితికి, మళ్ళీ లేస్తోందనీ ఆమె చెబుతున్నారు.

హైదరాబాదులో వేరొక వైద్యురాలికి చూపించినప్పుడు ఆవిడ రెండు ఎక్స్‌రేలు తీశారు. మొదటిది మా దగ్గరున్న పాత ఎక్స్‌రే లాగే ఉంది. ముందు వైపు ఒక వేరు, వెనుక వైపు ఒక వేరు ఉన్నాయి. ముందు వేరులో రెండు తెల్లని గీతలు, వెనుక వేరులో ఒక గీత ఉన్నాయి. ఆ తెల్లని గీతలు వేరు లోపలి కాలువలలో నింపిన గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం అని చెప్పారు. తర్వాత యంత్రాన్ని కొంచెం పక్కకు జరిపి తీసిన రెండవ ఎక్స్‌రేలో మాత్రం వెనుక వేరుకు ఆనుకుని సన్నని మూడవ వేరు కనిపించింది. అందులో ఏ తెల్లని గీతా లేదు, దాని కొన దగ్గర నల్లగా ఒక మచ్చ ఉంది. ఆ వేరులోని కాలువను పోయినసారి శుభ్రం చేయలేదనీ, చికిత్స మళ్ళీ చేయవలసి ఉంటుందనీ ఆవిడ అన్నారు.

నా సందేహాలు ఇవి. ఒకే పన్ను, ఒకే రోజు, ఒకే యంత్రంతో తీస్తే ఒకసారి రెండు వేర్లు, మరొకసారి మూడు వేర్లు ఎలా కనిపిస్తాయి? ఆ మూడవది వేరే ఏదైనా నీడ అయ్యే అవకాశం లేదా? కింది దవడ పళ్ళకు రెండు వేర్లు, పై దవడ పళ్ళకు మూడు వేర్లు అని చిన్నప్పుడు చదువుకున్నాము. ఆ లెక్క ఎంతవరకు నిజం? మొదటి వైద్యుడు దీన్ని గుర్తించి ఉండవలసిందా? ఇలాంటి ఇబ్బంది రాకుండా ప్రతి రూట్ కెనాల్‌కూ ముందే త్రీడీ స్కాన్ తీయించుకోవాలని మా తమ్ముడు వాదిస్తున్నాడు. వైద్యులూ, విషయం తెలిసినవారూ వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: ఎండోడాంటిస్ట్ (రూట్ కెనాల్ నిపుణుడు), విశాఖపట్నం

మీ చేతిలో ఉన్న రెండు ఎక్స్‌రేలూ ఉన్నదే చూపిస్తున్నాయి. నోటిలో సెన్సర్ పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే, బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకు సాగే కిరణాలు పరిచే నీడ. ఆ దారిలో ఒకదాని వెనుక ఒకటి ఉన్నవన్నీ నీడలో ఒకే చోట పడతాయి. గుడి మండపానికి సరిగ్గా ఎదురుగా నిలబడినవారికి ముందు వరుస స్తంభాలే కనిపిస్తాయి, రెండడుగులు పక్కకు జరిగితే వాటి వెనుక దాగిన స్తంభాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. మీ వైద్యురాలు యంత్రాన్ని జరపడంలో జరిగింది ఇదే.

ఇలా కోణం మార్చి రెండు చిత్రాలు తీసి, ఏది బుగ్గ వైపు ఉందో, ఏది నాలుక వైపు ఉందో తేల్చే పద్ధతిని క్లార్క్ అనే వైద్యుడు 1910లోనే వివరించాడు. యంత్రం ఏ వైపుకు జరిగిందో చిత్రంలో అదే వైపుకు జరిగినట్టు కనిపించేది నాలుక వైపు ఉన్నట్టు, ఎదురు దిశకు జరిగినట్టు కనిపించేది బుగ్గ వైపు ఉన్నట్టు. బి.డి.ఎస్. విద్యార్థులు మొదటిసారి ఎక్స్‌రే విభాగంలో అడుగుపెట్టినప్పుడు నేర్చుకునే సూత్రం ఇది. అయితే రోజువారీ రద్దీలో అందరికంటే ముందుగా వదిలేసేదీ దీన్నే. అదనపు వేరు ఉందన్న అనుమానం ఉన్నప్పుడు యంత్రాన్ని సుమారు 25 నుంచి 30 డిగ్రీలు ముందు వైపుకు గానీ వెనుక వైపుకు గానీ జరిపి రెండవ చిత్రం తీయడం మంచిది. ఐదారు డిగ్రీలు జరిపితే రెండు వేర్ల నీడలూ విడిపోవు.

మీరు వర్ణించిన మూడవ వేరును మేము రాడిక్స్ ఎంటోమొలారిస్ అంటాము. కింది దవడ మొదటి చర్వణకానికి, అంటే మొదటి పెద్ద దవడ పన్నుకు, వెనుక భాగంలో, నాలుక వైపున ఉండే అదనపు వేరు ఇది. వియన్నాకు చెందిన కారబెల్లి 1844లోనే దీన్ని ప్రస్తావించాడు. మామూలుగా ఈ పన్నుకు ముందొక వేరు, వెనుకొక వేరు ఉంటాయి. ముందు వేరులో రెండు కాలువలు, వెనుక వేరులో ఒకటి గానీ రెండు గానీ ఉంటాయి. అదనపు వేరు ఉన్నప్పుడు అది వెనుక వేరుకు సరిగ్గా నీడ చాటున నిలుస్తుంది, పైగా సాధారణంగా దానికంటే పొట్టిగా, సన్నగా ఉంటుంది. అందుకే నేరుగా తీసిన చిత్రంలో దొరకదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ వేరు నాలుక వైపు మొదలై, కొనకు వెళ్ళేసరికి చాలాసార్లు బుగ్గ వైపుకు వంగుతుంది. ఆ వంపు కిరణాల దారిలోనే ఉంటుంది కాబట్టి, వేరు ఎంత వంగినా ఎక్స్‌రేలో నిటారుగా ఉన్నట్టే కనిపిస్తుంది. కనిపించిన తర్వాత కూడా ఇది మోసం చేయగలదని చెప్పడానికే ఈ మాట చెబుతున్నాను. నిటారుగా ఉందని నమ్మి గట్టి ఫైల్‌ను, అంటే కాలువను శుభ్రం చేసే సూది లాంటి పరికరాన్ని, లోపలికి నెడితే ఫైల్ విరగవచ్చు, లేదా కాలువ గోడకు గాడి పడవచ్చు.

మీ పాత ఎక్స్‌రేను ఒకసారి వెలుతురులో చూడండి. వెనుక వేరులోని తెల్లని గీత వేరుకు సరిగ్గా నడిమధ్యలో ఉందా, ఒక అంచుకు జరిగి ఉందా? ఒక వేరులో ఒకే కాలువ ఉంటే అది దాదాపు నడుమనే ఉంటుంది. ఒక పక్కకు ఒరిగి ఉంటే, రెండవ పక్కన మరొకటి ఉందేమోనని వెతకాలి.

సమాధానం 2: దంత ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తున్నాను, గుంటూరు

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఎక్స్‌రేను చదివే పద్ధతి గురించి కొంత చేర్చాలనుకుంటున్నాను. "మూడవది వేరే నీడ కావచ్చా" అన్న మీ ప్రశ్న చాలా సరైనది.

వేరును వేరు అని నిర్ధారించేది దాని చుట్టూ ఉండే గీతలు. ప్రతి వేరునూ ఎముకకు పట్టి ఉంచే పలుచని కణజాలం ఎక్స్‌రేలో సన్నని నల్లని గీతగా, దాని వెలుపలి ఎముక అంచు తెల్లని గీతగా కనిపిస్తాయి. ఒక వేరుకు ఇరువైపులా ఒక్కొక్క జత గీతలు ఉండాలి. వెనుక వేరు మీదుగా మరొక జత గీతలు అడ్డంగానో, ఏటవాలుగానో సాగుతుంటే అక్కడ రెండవ వేరు ఉన్నట్టే లెక్క. నేరుగా తీసిన చిత్రంలో కూడా ఈ జాడ చాలాసార్లు ఉంటుంది. వేరు అంచు మసకగా ఉండటం, ఒకే వైపున రెండు అంచులు కనిపించడం లాంటివి అవే. వెతికే కంటికి అవి అందుతాయి, తెల్లని గీతలు ఎక్కడి దాకా వచ్చాయో మాత్రమే చూసే కంటికి అందవు.

కొన దగ్గరి నల్లని మచ్చ విషయంలో కూడా కోణం మార్చి తీసిన చిత్రమే ఆధారం. కింది దవడలో నరాలు బయటికి వచ్చే సహజమైన రంధ్రం ఒకటి అగ్రచర్వణకాల దగ్గర, అంటే చర్వణకాలకు ముందుండే చిన్న దవడ పళ్ళ దగ్గర, ఉంటుంది. అది కొన్నిసార్లు వేరు కొన మీద పడి, చీము తిత్తి అన్న భ్రమ కలిగిస్తుంది. యంత్రాన్ని జరిపినప్పుడు మచ్చ వేరు కొనను విడిచి పక్కకు పోతే, కొన చుట్టూ ఉన్న తెల్లని అంచు చెక్కుచెదరకుండా ఉంటే, అది రోగం కాదు. మీ అమ్మగారి విషయంలో మచ్చ మొదటి చర్వణకం వెనుక భాగం దగ్గర ఉంది కాబట్టి ఆ రంధ్రం అయ్యే అవకాశం తక్కువ. అయినా రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి.

మచ్చ లేకపోతే రోగం లేదని అనుకోవడం కూడా పొరపాటే. ఎముక లోపలి మెత్తని భాగం మాత్రమే కరిగినప్పుడు ఎక్స్‌రేలో ఏమీ తేలకపోవచ్చనీ, బయటి గట్టి పొర దెబ్బతిన్నాకే మచ్చ స్పష్టంగా కనిపిస్తుందనీ బెండర్, సెల్ట్‌జర్ 1961లో ప్రయోగాలతో చూపించారు.

కాలువలు ఎక్స్‌రేలో ఇచ్చే మరొక సూచన గురించి కూడా చెప్పాలి. వేరు పై భాగంలో నల్లగా, వెడల్పుగా కనిపిస్తున్న కాలువ సగం దూరం వచ్చాక ఉన్నట్టుండి మాయమైతే, అది మూసుకుపోయిందని అనుకోవద్దు. అక్కడ అది రెండుగా చీలి, ఒక్కొక్క పాయా సన్నబడి, నీడలో తెలియకుండా పోయి ఉండవచ్చు. కింది దవడ మొదటి అగ్రచర్వణకంలో ఇది తరచుగా జరుగుతుంది. వెర్టుచీ అనే పరిశోధకుడు పరిశీలించిన ఆ పళ్ళలో 24 శాతం ఒకే కాలువగా మొదలై, కింద రెండుగా విడిపోయినవే. బయటికి ఒకే వేరు, అమాయకంగా కనిపించే పన్ను. నన్నడిగితే చర్వణకాల కంటే ఎక్కువగా భయపడవలసింది దీనికే.

వయస్సు పెరిగేకొద్దీ కాలువ గోడల మీద కొత్త డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) పేరుకుని దారి సన్నబడుతుంది. అరవై దాటినవారి ఎక్స్‌రేలో కాలువ గీత అసలు కనిపించకపోవడం సాధారణం. అలాంటప్పుడు వేర్ల సంఖ్యను వాటి అంచులను బట్టి లెక్కించాలి తప్ప లోపలి గీతలను బట్టి కాదు. అలాగే దవడలు రెండూ ఒకేసారి వచ్చే పెద్ద ఓపీజీ చిత్రాన్ని ఈ పనికి నమ్ముకోకూడదు. దానికి అంత స్పష్టత ఉండదు.

చివరగా, చిగురు మీది పొక్కు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి సులభమైన దారి ఉంది. పొక్కు రంధ్రంలోకి సన్నని గట్టాపెర్చా పుల్లను నెమ్మదిగా జొనిపి ఎక్స్‌రే తీస్తే, అది నేరుగా చీము మూలం దగ్గరికి దారి చూపిస్తుంది. పుల్ల మూడవ వేరు కొన దగ్గర ఆగితే మీ వైద్యురాలి మాటకు గట్టి బలం చేకూరుతుంది. వేరు పక్కగా సగం దూరంలోనే ఆగితే, వేరు నిలువునా చీలిందేమో పరీక్షించవలసి ఉంటుంది. చీలిక అయితే మళ్ళీ రూట్ కెనాల్ చేసినా ఫలితం ఉండదు కాబట్టి ఈ తేడా ముందే తెలియాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత ఎక్స్‌రే చూశాను. వెనుక వేరులోని గీత నడుమ లేదు, స్పష్టంగా వెనుక అంచు వైపుకు ఒరిగి ఉంది. పొక్కులో పుల్ల పెట్టి ఎక్స్‌రే తీయడం గురించి వచ్చే వారం అడుగుతాను. మరొక సందేహం. ఇలా అదనపు వేరు ఉండటం వంశపారంపర్యమా? మా అన్నదమ్ములకూ, మా అమ్మగారి ఎడమ వైపు పన్నుకూ ఇలాగే ఉండే అవకాశం ఉందా?

సమాధానం 3: దంత శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తాను, తిరుపతి

ఎడమ వైపు పన్నుకు కూడా ఉండే అవకాశం బాగానే ఉంది. ఈ వేరు ఉన్నవారిలో చాలామందికి అది రెండు వైపులా ఉంటుంది, అయితే ఒక వైపే ఉన్నవారూ తక్కువేమీ కాదు. కాబట్టి ఎడమ వైపు పన్నుకు ఎప్పుడైనా చికిత్స అవసరమైతే ఈ సంగతి వైద్యునికి ముందుగా చెప్పండి. వంశపారంపర్యత గురించి కుటుంబం స్థాయిలో నిక్కచ్చిగా చెప్పడం కష్టం గానీ, జనసమూహాల స్థాయిలో దీని వ్యాప్తి చాలా స్పష్టమైన తేడాలు చూపిస్తుంది. ఐరోపా, ఆఫ్రికా సంతతివారిలో ఇది అరుదు. భారతీయుల మీద జరిగిన చాలా పరిశీలనలలో ఐదు శాతానికి అటూ ఇటూగా కనిపిస్తుంది. చైనా, తైవాన్, కొరియా ప్రాంతాలవారిలో ఐదుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఉంటుంది. ఉత్తర పసిఫిక్ దీవులలో ఉండే అల్యూట్ ప్రజలలో ఇంకా ఎక్కువ. క్రిస్టీ టర్నర్ అనే మానవ శాస్త్రవేత్త 1971లో ఈ మూడవ వేరును ఆధారంగా తీసుకుని అమెరికా ఖండపు మూలవాసుల వలసల గురించి వాదన నిర్మించాడు.

కొంచెం పక్కకు పోతున్నాను గానీ, ఆసక్తి ఉన్నవారి కోసం ఇంకొక్క మాట. టిబెట్ పీఠభూమి అంచున దొరికిన, కనీసం 1,60,000 ఏళ్ళ నాటిదని 2019లో ప్రకటించిన, డెనిసోవన్ అనే ప్రాచీన మానవుల దవడ ఎముకలో రెండవ చర్వణకానికి ఇలాంటి మూడు వేర్లు ఉన్నాయి. ఆసియావాసులలో ఈ లక్షణం ఆ ప్రాచీన మానవుల నుంచి వచ్చిందని ఒక బృందం ప్రతిపాదించగా, ఆ దవడలోని మూడవ వేరూ నేటి మనుషుల మూడవ వేరూ ఒకటి కావని మరికొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ బృందం ప్రతిపాదన నాకు కూడా అంత సులభంగా మింగుడు పడలేదు.

"కింది దవడ పళ్ళకు రెండు, పై దవడ పళ్ళకు మూడు" అన్న లెక్క పాఠశాల పుస్తకానికి సరిపోతుంది. వేర్ల సంఖ్య విషయంలో అది చాలావరకు నిలుస్తుంది కూడా. కాలువల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిలవదు. స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ హెస్ ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో పళ్ళ లోపలికి రబ్బరును ఎక్కించి, గట్టిపడ్డాక పన్నును కరిగించి, లోపలి కాలువల అచ్చులు తీశాడు. 1925లో ఆంగ్లంలో వెలువడిన ఆ చిత్రాలు చూసినవారికి, కాలువ అంటే ఒక గొట్టం అన్న ఊహ పోతుంది. అడ్డంగా కలిపే సందులు, పక్క దారులు, కొన దగ్గర పాయలు అందులో కనిపిస్తాయి. వెర్టుచీ 1984లో 2400 శాశ్వత దంతాలను పారదర్శకంగా మార్చి, లోపల రంగు ఎక్కించి పరిశీలించి, కాలువల అమరికను ఎనిమిది రకాలుగా విభజించాడు. అవే మనం ఇప్పటికీ పాఠం చెబుతున్నాము. 2004లో టర్కీలో 2800 పళ్ళను పరిశీలించిన సెర్ట్, బాయిర్లీ ఆ ఎనిమిదింటిలో ఇమడని రకాలు మరో పద్నాలుగు చూపించారు. అంటే ఆ పట్టిక పూర్తయినది కాదు.

ఇన్ని రూపాలు రావడానికి కారణం వేరు ఏర్పడే తీరులో ఉంది. పన్ను పై భాగం తయారయ్యాక, హెర్ట్‌విగ్ తొడుగు అనే పలుచని కణాల పొర కిందికి పెరుగుతూ వేర్ల ఆకారాన్ని నిర్ణయిస్తుంది. ఆ పొర నుంచి లోపలికి ఎన్ని మడతలు సాగి ఒకదానితో ఒకటి కలిస్తే అన్ని వేర్లు విడిపోతాయి. ఒక పక్కన అవి కలవకపోతే వేర్లు విడిపోకుండా అతుక్కుని, లోపలి కాలువ అడ్డుకోతలో చంద్రవంక ఆకారంలో మిగులుతుంది. కింది దవడ రెండవ చర్వణకంలో కనిపించే ఈ రూపాన్ని కుక్, కాక్స్ 1979లో వివరించారు. చైనా, కొరియా ప్రజలలో ఇది 30 శాతం దాటి కనిపిస్తుంటే, భారతీయుల పళ్ళ మీద జరిగిన ఒక పరిశీలనలో 7.5 శాతంగా తేలింది. ఎక్స్‌రేలో అలాంటి పన్ను ఒకే శంకువు లాంటి వేరుతోనో, దగ్గరగా ఒరిగిన రెండు వేర్లతోనో మామూలుగానే కనిపిస్తుంది. పన్ను తెరిచాక గానీ అసలు సంగతి బయటపడదు.

సమాధానం 4: సాధారణ దంత వైద్యుడు, చిన్న పట్టణంలో ప్రాక్టీసు

మొదటి వైద్యుడు గుర్తించి ఉండవలసిందా అన్న ప్రశ్నను అందరూ మర్యాదగా దాటవేశారు కాబట్టి నేను చెబుతాను. ఒకే ఎక్స్‌రే తీసి, దాంట్లో మూడవ వేరు కనిపించలేదంటే ఆ చిత్రం వరకు ఆయనను తప్పు పట్టలేము. చికిత్స మధ్యలో ఫైళ్ళు లోపల ఉంచి పొడవు కొలవడానికి తీసే ఎక్స్‌రేలో, వెనుక కాలువలోని ఫైల్ ఒక పక్కకు ఒరిగి ఉన్నప్పుడు మాత్రం ఆగి, కోణం మార్చి మరొకటి తీసి ఉండవలసింది. దానికి అదనంగా పట్టేది రెండు నిమిషాలు. ఖరీదైన యంత్రం అవసరం లేదు, సెన్సర్ కదపవలసిన పని కూడా లేదు, ఎక్స్‌రే యంత్రం గొట్టం జరిపితే చాలు. ఐదు శాతం మందిలో ఉండేది అంటే నాలాంటి వాడి దగ్గరికి కూడా ఏడాదిలో పలుమార్లు వస్తుందన్న మాట. దాన్ని అరుదైన వింతగా చూడటం నాకు నచ్చదు.

ఇక మీ తమ్ముడి వాదన. ప్రతి రూట్ కెనాల్‌కూ త్రీడీ స్కాన్ అవసరమన్న మాటతో నేను ఏకీభవించను. అమెరికా ఎండోడాంటిస్టుల సంఘం, నోటి రేడియాలజీ అకాడమీ కలిసి 2010లో చెప్పి, 2015లో సవరించిన మార్గదర్శకం ప్రకారం కూడా మొదట తీయవలసింది నోటిలో తీసే చిన్న ఎక్స్‌రేలే. అదనపు కాలువలు ఉండవచ్చన్న అనుమానం, సంక్లిష్టమైన ఆకారం, విఫలమైన పాత చికిత్స లాంటి సందర్భాలలో చిన్న పరిధి గల సీబీసీటీ, అంటే మీ తమ్ముడు చెబుతున్న త్రీడీ స్కాన్, వాడవచ్చు. చిన్న ఎక్స్‌రే ఒకదానితో శరీరానికి అందే రేడియేషన్, మనకు ప్రకృతి నుంచి ఒక రోజులో అందేదానికి అటూ ఇటూగా ఉంటుంది. స్కాన్‌లో అది యంత్రాన్ని, పరిధిని బట్టి ఎన్నో రెట్లు పెరుగుతుంది. భయపడవలసినంత కాదు గానీ, కారణం లేకుండా తీయించుకోవలసినదీ కాదు.

అయితే పై దవడ మొదటి చర్వణకం విషయంలో నా అభిప్రాయం కొంచెం మెత్తబడుతుంది. దాని బుగ్గ వైపు ముందు వేరులో రెండవ కాలువ ఉండటమే సాధారణం. స్ట్రాప్‌కో తన క్లినిక్‌లో చికిత్స చేసిన 1732 పై చర్వణకాల వివరాలను 1999లో ప్రచురించాడు. మొదటి చర్వణకాలలో 73 శాతంలో ఆ కాలువ దొరికింది. మైక్రోస్కోపు వాడుతూ, తగినంత సమయం కేటాయించి, చేయి తిరిగాక ఆ అంకె 93కు చేరింది. ఆ కాలువ నేరుగా తీసిన ఎక్స్‌రేలో దాదాపుగా కనిపించదు, పైగా చెంప ఎముక నీడ కూడా అడ్డు వస్తుంది. వదిలేసిన కాలువల ప్రభావం గురించి 2016లో వచ్చిన ఒక అమెరికా పరిశీలనలో, చికిత్స చేసిన 1397 పళ్ళ స్కాన్‌లు చూస్తే 23 శాతంలో కనీసం ఒక కాలువ మిగిలిపోయి ఉంది. అలాంటి పళ్ళకు వేరు కొన దగ్గర జబ్బు ఉండే అవకాశం మిగతా వాటి కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా తేలింది.

మీ అమ్మగారి విషయంలో మాత్రం, ఇప్పుడు స్కాన్ తీయడం సబబే. ఒకసారి విఫలమైన పన్ను, అదనపు వేరు, వంపు తెలియని పరిస్థితి. కాకపోతే లోపలి గట్టాపెర్చా, పైనున్న లోహపు క్యాప్ వల్ల స్కాన్‌లో చారలు పడతాయనీ, సన్నని చీలికలు ఆ చారలలో దాగిపోవచ్చనీ, లేని చీలిక ఉన్నట్టు కూడా అనిపించవచ్చనీ గుర్తుంచుకోండి.

సమాధానం 5: ఎండోడాంటిస్ట్, విశాఖపట్నం

పాత చిత్రంలో గీత వెనుక అంచుకు ఒరిగి ఉందని మీరు రాశారు కాబట్టి, మళ్ళీ చికిత్స ఎలా సాగుతుందో కొంత చెబుతాను.

కింది దవడ మొదటి చర్వణకాన్ని తెరిచేటప్పుడు సాధారణంగా త్రిభుజాకారంలో రంధ్రం చేస్తాము. నాలుక వైపు వెనుక మూలను అది తాకదు. అదనపు వేరు కాలువ నోరు సరిగ్గా ఆ మూలలోనే ఉంటుంది. అందుకే రంధ్రాన్ని ఆ వైపుకు విస్తరించి, నాలుగు మూలలు వచ్చేలా చేయాలి. పన్ను లోపలి నేల అక్కడ మంచి ఆధారం ఇస్తుంది. క్రాస్నర్, రాంకో 2004లో 500 పళ్ళ లోపలి నేలను పరిశీలించి, నేల రంగు గోడల రంగు కంటే ముదురుగా ఉంటుందనీ, కాలువల నోళ్ళు ఎప్పుడూ నేల, గోడ కలిసే అంచు మీదనే ఉంటాయనీ తేల్చారు. వెనుక కాలువ నోటి నుంచి నాలుక వైపుకు ముదురు గీత ఒకటి సాగుతుంటే, దాని చివర వెతకాలి. అల్ట్రాసోనిక్ మొనతో ఆ అంచు మీది తెల్లని డెంటిన్‌ను పొరలుగా తీస్తూ వెళితే, పైకి వచ్చినదేదో కాలువ నోరో, ఒట్టి గాడో మైక్రోస్కోపు కింద తెలిసిపోతుంది.

నోరు దొరికాక మొదట 8 లేదా 10 నంబరు సన్నని ఫైల్‌ను కొన వంచి పంపి, దారి ఎటు తిరుగుతోందో వేళ్ళతో గ్రహించాలి. ఫైల్ బయటికి వచ్చాక దాని మీద మిగిలిన వంపు, ఎక్స్‌రే చెప్పలేని బుగ్గ వైపు వంపును చెబుతుంది. తర్వాత ఫైళ్ళన్నీ లోపల ఉంచి, నేరుగా ఒకటి, కోణం మార్చి ఒకటి, రెండు చిత్రాలు తీయాలి. ఇప్పుడు నాలుగు కాలువలలోని నాలుగు ఫైళ్ళూ విడివిడిగా కనిపించాలి.

ముందు వేరులో కూడా ఒకసారి చూడమని అడగండి. రెండు ప్రధాన కాలువల మధ్య గాడిలో మూడవ కాలువ కొన్నిసార్లు ఉంటుంది. పొమెరాంజ్ బృందం 1981లో చూసిన 100 కింది చర్వణకాలలో 12 పళ్ళలో అది దొరికింది. అందులో ఎక్కువ భాగం పక్క కాలువలతో కలిసిపోయేవే గానీ, శుభ్రం కాకుండా మిగిలితే అందులో కూడా సూక్ష్మజీవులు నిలుస్తాయి.

ఇవన్నీ చేయడానికి ముందు, చిగురు చుట్టూ సన్నని కొలత పుల్లతో లోతు చూడటం మర్చిపోవద్దని చెప్పండి. చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు ఉండి, ఒక్క చోట మాత్రం ఇరుకుగా లోతుకు దిగితే, సమాధానం 2లో చెప్పిన నిలువు చీలిక అనుమానం బలపడుతుంది. అప్పుడు క్యాప్ తొలగించి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి తేల్చుకున్నాకే మూడవ వేరు సంగతి చూడాలి.